ఆకాశాన్ని అమ్ముకున్నరు.. మన వాటా ఏది?

2024 జూన్ 26. ఈ తేదీని ఎక్కడన్నా రాసిపెట్టుకోండి.

ఆ రోజు ఢిల్లీలో స్పెక్ట్రమ్ వేలం ముగిసింది. రెండు రోజులు, ఏడు రౌండ్లు, 11,340 కోట్ల రూపాయలు. సరిగ్గా అదే రోజున టెలికమ్యూనికేషన్ల చట్టం-2023లోని కొన్ని సెక్షన్లు అమల్లోకి వచ్చాయి. వాటిలో పద్నాలుగో సెక్షన్ ఒకటి. ఏ స్థలం మీద, ఏ భవనం మీద పెట్టినా సరే, టెలికం నెట్‌వర్క్‌ను ఆ ఆస్తిలో భాగంగా చూడరాదు, ఆస్తి పన్నుకు గానీ లెవీకి గానీ సెస్సుకు గానీ ఫీజుకు గానీ లెక్కలోకి తీసుకోరాదు అని దాని సారాంశం. తెల్లారింది. జూన్ 27న జియో చార్జీలు పెంచుతున్నట్టు ప్రకటించింది. 28న ఎయిర్‌టెల్. ఆ వెనకాలే వొడాఫోన్ ఐడియా. 155 రూపాయల ప్లాను 189 అయింది. 239 ప్లాను 299 అయింది.

మూడు రోజుల్లో మూడు పనులు. వేలం సొమ్ము కేంద్రానికి. పెంచిన చార్జీలు కంపెనీలకు. పన్ను కోత పంచాయతీలకు, మున్సిపాలిటీలకు. జేబు మాత్రం మనది.

నీళ్లెవరివి అని అడిగినోళ్లం మనం. బొగ్గెవరిది అని అడిగినోళ్లం. ఉద్యోగాలెవరివి అని లెక్కలు తీసి, జీవోలు తిరగేసి, వేదికల మీద చదివి వినిపించినోళ్లం. కానీ మన నెత్తి మీద నుంచి, మన ఇంటి గోడల్లో నుంచి రాత్రింబవళ్లు పోతున్న తరంగం ఎవరిది అని ఒక్కనాడన్నా అడిగామా? దాన్ని అమ్మితే వచ్చే పైసలు ఎవరి ఖాతాలో పడుతున్నాయో చూశామా? 2జీ పోయి 3జీ వచ్చింది. 3జీ పోయి 4జీ వచ్చింది. 5జీ వచ్చింది, ఇప్పుడు ఉపగ్రహం మీదుగా ఇంటర్నెట్ అంటున్నారు. ప్రతిసారీ "కొత్త ఆదాయ అవకాశాలు" అని ఒకటే మాట. ఎవరి ఆదాయం? ఎవరి అవకాశం?

తరంగానికి కూడా ధర ఉంది, రాష్ట్రం ఉంది

తరంగాలు ప్రజల సొత్తు అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలోనే చెప్పింది. క్రికెట్ ప్రసారాల మీద బెంగాల్ క్రికెట్ సంఘం కేసులో వచ్చిన తీర్పు అది. ప్రజల సొత్తు అన్నప్పుడు ఆ సొత్తు మీద వచ్చే కిరాయి ఎవరికి చెందాలి? ప్రజలకు. బాగుంది. మరి ఏ ఖజానా ద్వారా?

ఇక్కడే ఉంది అసలు మడతపేచీ. స్పెక్ట్రమ్ వేలం సొమ్ము, కంపెనీలు ఏటా కట్టే లైసెన్సు ఫీజు.. ఇవి పన్నులు కావు. "పన్నేతర రాబడి". రాజ్యాంగం 270వ అధికరణం ప్రకారం కేంద్రం రాష్ట్రాలతో పంచుకోవాల్సింది పన్నులనే. అందులోనూ సెస్సులు, సర్‌చార్జీలు మినహాయింపు. 14వ ఆర్థిక సంఘం 42 శాతం అన్నా, 15వ ఆర్థిక సంఘం 41 శాతం అన్నా ఆ శాతాలన్నీ పంచే కుండలో ఉన్నదానికే. స్పెక్ట్రమ్ పైసలు ఆ కుండలో పడవు. నేరుగా కేంద్రం సంచిలోకి పోతాయి. రాష్ట్రానికి రూపాయిలో పైస వంతు కూడా హక్కుగా రాదు.

ఎంత పోయింది? 2010 ఏప్రిల్ 9న మొదలై మే 19 దాకా నడిచిన 3జీ వేలంలో 67,719 కోట్లు వచ్చాయి. ఆ వెంటనే జరిగిన బ్రాడ్‌బ్యాండ్ తరంగాల వేలం కలిపితే లక్షా ఆరు వేల కోట్ల పైచిలుకు. బడ్జెట్‌లో అనుకున్నది 35 వేల కోట్లు. అనుకున్నదానికి మూడు రెట్లు! ఆ ఏడు కేంద్రం లోటు తగ్గిందని ఢిల్లీలో సంబురం చేసుకున్నారు. 2022 జూలై 26 నుంచి ఆగస్టు 1 దాకా జరిగిన 5జీ వేలంలో 1,50,173 కోట్లు. ఇందులో ఒక్క జియో వాటానే 88,078 కోట్లు. ఎయిర్‌టెల్ 43,084 కోట్లు.

"తరంగానికి రాష్ట్రం ఏంది, సరిహద్దు ఏంది? బొగ్గయితే భూమిల ఉంటది, గాలిల పోయేదానికి వాటా ఎట్ల అడుగుతరు?" అని తెలివిమంతులు అంటారు. అనాలి కూడా. చూడటానికి సబబైన ప్రశ్నే. కాబట్టి లెక్క చూద్దాం.

2010లో దేశానికంతటికీ ఒకే ధరకు 3జీని అమ్మలేదు. సర్కిళ్లు సర్కిళ్లుగా అమ్మారు. అవే 5 మెగాహెర్ట్జ్ తరంగాలు. భౌతికశాస్త్రం ప్రకారం ఢిల్లీ తరంగానికీ సిమ్లా తరంగానికీ తేడా లేదు. కానీ ఢిల్లీ ధర 3,316 కోట్లు. హిమాచల్ ప్రదేశ్ ధర 37 కోట్లు. ఆంధ్రప్రదేశ్ సర్కిల్ ధర 1,373 కోట్లు. ఒక్కో కంపెనీ కట్టింది అంత. ఎందుకీ తేడా? ఎందుకంటే వాళ్లు కొన్నది గాలిని కాదు, గాలి కింద బతుకుతున్న మనుషులను. ఎంతమంది ఉన్నారు, ఎంత మాట్లాడతారు, ఎంత రీచార్జి చేయగలరు అని లెక్కగట్టి కొన్నారు. హైదరాబాద్ ఉన్నందుకు ఆ ధర. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉన్నందుకు, హాస్టల్లో పోరగాడు ఉన్నందుకు, బొంబాయికి, భీవండికి, దుబాయికి పోయిన కొడుకు కోసం ఎదురుచూసే తల్లి ఉన్నందుకు ఆ ధర.

ధర కట్టేటప్పుడు రాష్ట్రం కనిపిస్తుంది. పైసలు పంచేటప్పుడు కనిపించదు!

బొగ్గుకొక న్యాయం, తరంగానికొక న్యాయం

సింగరేణి బొగ్గు మీద 14 శాతం రాయల్టీ ఉంది. అది రాష్ట్రానికి వస్తుంది. ఆ 14 శాతం సరిపోతుందా లేదా అన్నది వేరే కొట్లాట. కానీ హక్కు ఉంది. పెట్రోలియంలో కూడా ఇలాంటి ఆలోచన జరిగింది. కేంద్రానికి వచ్చే లాభ చమురును అది ఉత్పత్తయ్యే రాష్ట్రంతో సగం సగం పంచుకోవాలని 12వ ఆర్థిక సంఘం సిఫారసు చేసింది. అంటే పన్నేతర రాబడిని పంచకూడదని ఏ శిలాశాసనమూ లేదు. మనసుండాలి, అడిగేవాడుండాలి.

స్పెక్ట్రమ్ మీద బొగ్గు లెక్కనే వేద్దాం. 14 శాతం. 2010లో ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో ఒక్క కంపెనీ కట్టిన 1,373 కోట్ల మీద 192 కోట్లు. ఒక్క కంపెనీ మీద, ఒక్క 3జీకి! 2022 వేలం మొత్తం మీద 14 శాతం అంటే 21 వేల కోట్లు, రాష్ట్రాలన్నింటికీ. ఎన్ని కాలేజీ హాస్టళ్లు, ఎంత ఫీజు రీయింబర్స్‌మెంటు, ఎన్నేళ్ల పీఆర్సీ బకాయిలు? ఉద్యోగ మిత్రులు నాకంటే బాగా లెక్క చెప్పగలరు.

ఇంకొక పోలిక కూడా చెప్పాలి. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. ఇక వొడాఫోన్ ఐడియా కేంద్రానికి బాకీ పడింది. ఆ బాకీలో 16,133 కోట్లను 2023 ఫిబ్రవరిలో, మరో 36,950 కోట్లను 2025లో షేర్లుగా మార్చుకున్నారు. దాంతో ఆ ప్రైవేటు కంపెనీలో కేంద్రం వాటా దాదాపు 49 శాతానికి చేరింది. స్పెక్ట్రమ్ కోసం ప్రజలకు రావాల్సిన పైసలు కాగితం షేర్లయ్యాయి. ఆ షేర్లలో కూడా రాష్ట్రాలకు వాటా లేదు. రైతు బాకీ పడితే బ్యాంకోడు తలుపులు పీక్కపోతడు. ఇక్కడేమో బాకీ ఇచ్చినోడే భాగస్తుడైండు.

మరి జీఎస్టీ లేదా అంటారా? ఉంది. రీచార్జి మీద 18 శాతం, అందులో సగం రాష్ట్రానికి వస్తుంది. దాచేదేం లేదు. కానీ జీఎస్టీ మన జేబులో నుంచి మనం కట్టే పన్ను. 299 పెట్టి రీచార్జి చేసే పోరగాడు కట్టేది. మనం అడుగుతున్నది మన సొత్తును కిరాయికి తీసుకున్నవాడు కట్టే కిరాయి. ఇల్లు కిరాయికిచ్చి, కిరాయి పక్కింటోడు వసూలు చేసుకుంటుంటే, "నీకు కరెంటు బిల్లులో సగం ఇస్తున్నం కదా" అన్నట్టుంది ఈ జవాబు.

టవర్ మనూరిది, స్తంభం మనూరిది

తరంగం గాలిలో ఉంటుంది, సరే. టవర్ గాలిలో ఉండదు కదా. మన చెలక పక్కన ఉంటుంది, మన స్కూలు వెనక ఉంటుంది. గుజరాత్‌లో మొదలైన ఒక కేసులో, సెల్ టవర్ల మీద ఆస్తి పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉంటుందని, మున్సిపాలిటీలు వసూలు చేసుకోవచ్చని 2016 డిసెంబర్ 16న సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. అహ్మదాబాద్ కార్పొరేషన్ గెలిచింది. దేశంలోని చిన్నచిన్న మున్సిపాలిటీలన్నీ గెలిచినట్టే అనుకున్నాం.

కోర్టులో పోయినదాన్ని పార్లమెంటులో గెలుచుకున్నారు కంపెనీలు. 2023 డిసెంబర్ 18న బిల్లు పెట్టారు. 20న లోక్‌సభ ఆమోదించింది. 21న రాజ్యసభ. ఆ రోజుల్లో సభలో ఎవరున్నారు? ఉభయసభల్లో కలిపి 146 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెండై బయట మెట్ల మీద కూచున్నారు. నాలుగు రోజుల్లో నూట ముప్పై ఎనిమిదేళ్ల నాటి 1885 టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో కొత్త చట్టం వచ్చింది. రాష్ట్రాలను అడిగిందెవరు? పంచాయతీని అడిగిందెవరు?

5జీ విషయంలో ఇది మరీ ముఖ్యం. 5జీకి ఎక్కువగా వాడే తరంగాలు దూరం పోవు, గోడలు దాటలేవు. అందుకని టవర్లు దగ్గరదగ్గరగా కావాలి. పెద్ద టవర్లే కాదు, వీధి దీపం స్తంభం మీద, బస్‌స్టాప్ కప్పు మీద చిన్న పెట్టెలు బిగించాలి. అంటే కంపెనీలకు మన వీధి కావాలి, మన స్తంభం కావాలి. బేరం మన చేతిలో ఉండాల్సిన సమయం ఇది. ఏం జరిగింది? 2022 ఆగస్టులో కేంద్రం నిబంధనలు సవరించి అలాంటి ఒక స్తంభానికి ఏడాది కిరాయి పట్నంలో 300 రూపాయలు, పల్లెలో 150 రూపాయలు అని నిర్ణయించింది.

మళ్లీ చదవండి. ఏడాదికి 150 రూపాయలు. ఆ స్తంభం కింద నిలబడి ఫోన్ మాట్లాడే మనిషి 2024 జూలైలో 28 రోజులకు కట్టింది 189. ఊరి స్తంభాన్ని ఏడాది పొడుగునా వాడుకుంటే ఆ ఊరికి ఒక్క రీచార్జి పైసలు కూడా రావు!

ఈ 28 రోజుల సంగతి కూడా చెప్పుకోవాలి. నెలకు 28 రోజులని కంపెనీల క్యాలెండర్‌లోనే ఉంది. ఏడాదికి పన్నెండు జీతాలు తీసుకునే ఉద్యోగి పదమూడు రీచార్జీలు చేయాలి. గొడవ పెరిగితే 2022 జనవరిలో ట్రాయ్ కలగజేసుకొని, కనీసం ఒక్క ప్లానైనా 30 రోజులది పెట్టండి, ఒక్కటైనా ప్రతి నెలా అదే తేదీకి వచ్చేది పెట్టండి అని ఆదేశించింది. పెట్టారు. మూలన పెట్టారు. ఫోన్‌లో మాటలు తప్ప డేటా అక్కర్లేని ముసలోళ్ల కోసం మాటలకు మాత్రమే ప్లాను పెట్టమని చెప్పడానికి 2024 డిసెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. కంపెనీలు పెట్టిన 84 రోజుల ప్లాన్లు నాలుగు వందల పైనే తేలాయి.

పాట మనది, పైసలు వాళ్లవి

ఉద్యమకాలంలో నా ఫోన్‌కు కాలర్ ట్యూన్‌గా ఒక ధూంధాం పాట పెట్టుకున్నాను. నెలకు ముప్పై రూపాయలు. ఫోన్ చేసినవాళ్లు "మంచిగున్నది అన్నా" అంటుంటే మురిసిపోయేవాణ్ణి. ఒకరోజు ఆ పాట పాడిన తమ్ముడే ఫోన్ చేశాడు. "తమ్మీ, నీ పాటనే పెట్టుకున్న, నీకు నెలకెంత వస్తది?" అని అడిగాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "నాకా? నేను గూడ ముప్పై రూపాయలు కట్టి పెట్టుకున్ననే" అన్నాడు.

అప్పట్లో దీనిని వాల్యూ యాడెడ్ సర్వీస్ అనేవారు. విలువ జోడించిన సేవ. విలువ జోడించినోడు కంజీర పట్టుకొని ఊరూరా తిరుగుతున్నాడు, ఆదాయంలో సింహభాగం మాత్రం కంపెనీది. ఆ తర్వాత అడగని సేవలు కూడా మొదలయ్యాయి. అర్ధరాత్రి జాతకం, క్రికెట్ స్కోరు, ఎవరో తెలియని అమ్మాయితో స్నేహం.. పొద్దున లేచేసరికి బ్యాలెన్సులో ముప్పై రూపాయలు మాయం. మా అవ్వ ఫోన్‌లో ఇంగ్లీష్ జోకులు మొదలైనయి ఒకసారి. ఆమెకు తెలుగు అక్షరాలే రావు. నేను కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అరిస్తే, "మీ అవ్వగారే ఒకటి నొక్కారు సార్" అన్నారు. వినియోగదారుడు రెండుసార్లు ఒప్పుకుంటే తప్ప ఏ సేవనూ మొదలుపెట్టరాదని, ఆపాలంటే 155223 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చని ట్రాయ్ 2013 జూలైలో గట్టిగా ఆదేశించేదాకా ఆ దందా నడిచింది.

పాత ముచ్చట ఎందుకంటే, కొత్త సాంకేతికత వచ్చిన ప్రతిసారీ ఇదే వరస కాబట్టి. 3జీ వస్తే ముఖం చూసి మాట్లాడొచ్చన్నారు. 5జీ వస్తే డాక్టర్ హైదరాబాద్‌లో ఉండి ఆదిలాబాద్‌లో ఆపరేషన్ చేస్తాడన్నారు. 2022 అక్టోబర్ 1న ప్రధాని 5జీని ప్రారంభించారు. కంపెనీల ఆదాయం పెరిగింది ఆపరేషన్ల వల్ల కాదు, రీచార్జిల వల్ల. 2024 జూన్‌తో ముగిసిన మూడు నెలల్లో ఎయిర్‌టెల్‌కు ఒక్కో వినియోగదారుడి మీద నెలకు సగటున వచ్చింది 211 రూపాయలు. 2025 మార్చితో ముగిసిన మూడు నెలల్లో 245. అదే కాలంలో జియోకు దాదాపు 182 నుంచి 206కు పెరిగింది. "కొత్త ఆదాయ అవకాశం" అని పెద్దపెద్ద హోటళ్లలో స్లైడ్లు వేసి చెప్పేది దీని గురించే. ఆ స్లైడులోని అవకాశం నువ్వే తమ్మీ. నీ హాస్టల్ మెస్ బిల్లు పక్కన నువ్వు రాసుకునే రీచార్జి అంకే.

మన దుకాణాన్ని మనమే మూసుకున్నట్టు

సొత్తును అమ్మితే వాటా ఇవ్వలేదు, పోనీ. ప్రజలకు సొంత దుకాణం ఒకటి ఉండేది కదా, అదేమైంది?

2000 అక్టోబర్ 1న బీఎస్‌ఎన్‌ఎల్ పుట్టింది. ప్రైవేటు కంపెనీలు 1995 నుంచే సెల్‌ఫోన్లు నడుపుతుంటే ప్రభుత్వ సంస్థకు 2002 అక్టోబర్‌లో గానీ దేశవ్యాప్త మొబైల్ సేవ మొదలుకాలేదు. అది బరిలోకి దిగిన కొద్ది నెలలకే, 2003 మేలో, ఇన్‌కమింగ్ ఉచితమైంది. 1995లో ఒక నిమిషానికి పదహారు రూపాయల దాకా గుంజి, వచ్చిన కాల్‌కు కూడా పైసలు వసూలు చేసిన మార్కెట్టే ఇది!

ఆ సంస్థను ఏం చేశారు? 2010 వేలంలో అది పాల్గొననే లేదు. కానీ వేలంలో ప్రైవేటువాళ్లు పాడిన ధరే నువ్వు కూడా కట్టు అన్నారు. సుమారు 18,500 కోట్లు దాని ఖజానాలో నుంచి ఊడ్చుకున్నారు. ఎయిర్‌టెల్ 2012లో 4జీ మొదలుపెట్టింది. జియో 2016 సెప్టెంబర్ 5న వచ్చి నెలల తరబడి ఉచితంగా పంచింది. బీఎస్‌ఎన్‌ఎల్‌కు 4జీ తరంగాలు ఇస్తామని కేంద్రం చెప్పింది 2019 అక్టోబర్ 23న. అదే కట్టలో స్వచ్ఛంద పదవీ విరమణ కూడా పెట్టారు. 2020 జనవరి 31న 78 వేల మందికి పైగా ఉద్యోగులు ఒక్కరోజున ఇంటికి పోయారు. పరికరాలకు పిలిచిన టెండరును ఆ ఏడే రద్దు చేశారు. స్వదేశీ పరికరాలతో చేద్దామన్నారు. మంచి మాటే, నేను దాన్ని తప్పుపట్టను. కానీ ఆ నియమం ప్రైవేటు కంపెనీలకు ఎందుకు లేదు? చివరకు దేశవ్యాప్తంగా దాని 4జీని ప్రారంభించింది 2025 సెప్టెంబర్ 27న. ఊరంతా 5జీ మాట్లాడుతుంటే.

ఇంత చేసినా జనం ఏం చేశారో చూడండి. 2024 జూలైలో చార్జీలు పెరగ్గానే ఆ ఒక్క నెలలో బీఎస్‌ఎన్‌ఎల్ ఖాతాదారులు దాదాపు 29 లక్షలు పెరిగారు. సిగ్నల్ అందదని తెలిసి కూడా పోయారు.

ఇక అవతలి పక్కన ఏం జరిగింది? 2010లో ఇన్ఫోటెల్ అనే చిన్న కంపెనీ ఒకటి 12,848 కోట్లకు దేశమంతటి బ్రాడ్‌బ్యాండ్ తరంగాలు కొన్నది. ఫలితాలు వచ్చీరాగానే రిలయన్స్ 4,800 కోట్లతో అందులో 95 శాతం వాటా తీసుకుంది. అవి డేటా కోసం అమ్మిన తరంగాలు. 2013లో వాటి మీద మాటలు కూడా నడుపుకోవచ్చని అనుమతి దొరికింది. దానికి కట్టిన ఫీజు 1,658 కోట్లు. అది 2001లో ఖరారైన ధర. 2008 జనవరిలో 122 లైసెన్సులు పంచిపెట్టిందీ ఆ ధరకే! ఆ లైసెన్సులను సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరి 2న రద్దు చేసింది. క్రిమినల్ కేసులో 2017లో అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు, మాటలకు అనుమతి మీద వేసిన వ్యాజ్యాన్ని కూడా కోర్టు 2016లో కొట్టేసింది. నేరం రుజువు కాలేదు, సరే. ధర సంగతో?

విడిపోయిన రాష్ట్రం, విడిపోని సర్కిల్

2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. హైకోర్టు విడిపోయింది, క్యాడర్ విడిపోయింది, ఆర్టీసీ విడిపోయింది. బీఎస్‌ఎన్‌ఎల్ కూడా తెలంగాణకు వేరే సర్కిల్ పెట్టుకుంది. కానీ కేంద్రం తరంగాలు అమ్మే పటంలో మాత్రం తెలంగాణ లేదు. 2022లో 5జీని వేలం వేసినప్పుడు కూడా జాబితాలో ఉన్నది ఒకే పేరు.. ఆంధ్రప్రదేశ్. హైదరాబాద్ ధర, వరంగల్ ధర, విశాఖ ధర అన్నీ ఆ ఒక్క పేరు కింద కలిసి పోతాయి.

ఇది విజయవాడ మీద కోపంతో అంటున్న మాట కాదు. వాళ్లకూ ఇంతే నష్టం. మనిద్దరి సొత్తును ఒకే మూటగా కట్టి మూడోవాడు అమ్ముకుంటున్నాడు. తెలంగాణ జిల్లాల్లో ఎంత ఆదాయం వస్తోంది, దాని మీద లైసెన్సు ఫీజు ఎంత పోతోంది అన్న లెక్క వేరుగా లేకుంటే రేపు వాటా ఎట్లా అడుగుతాం? లెక్క లేనిచోట హక్కు ఉండదని ముల్కీ నాటి నుంచి నేర్చుకున్నవాళ్లం.

కంపెనీలు కట్టే లైసెన్సు ఫీజు లెక్కించిన ఆదాయంలో 8 శాతం. అందులో 5 శాతం పల్లెల కోసమని 2002 నుంచి పక్కన పెడుతున్నారు. యూనివర్సల్ సర్వీస్ నిధి అన్నారు, 2023 చట్టంలో డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చారు. ఏళ్ల తరబడి వేల కోట్లు ఖర్చు కాకుండా మూలుగుతూ వచ్చాయి. పల్లెల పేరు మీద తీసిన పైసలు పల్లెలకు నేరుగా ఎందుకు రావు? ఇక్కడ మిషన్ భగీరథ పైపుల కందకాల్లోనే ఫైబర్ గొట్టాలు వేసుకుంటూ పోయింది రాష్ట్రం. కందకం తవ్వింది మనం, రోడ్డు ఇచ్చింది మనం, ఫీజు మాత్రం ఢిల్లీకి.

ముందున్నది కూడా చిన్న సంగతి కాదు. గనులు, ఫ్యాక్టరీలు, రేవులు కంపెనీల మీద ఆధారపడకుండా తమ ఆవరణలో సొంత 5జీ నెట్‌వర్కు పెట్టుకోవచ్చని, దానికి తరంగాలు నేరుగా ఇచ్చే మార్గం చూస్తామని 2022 జూన్‌లో కేంద్రం అన్నది. అట్లయితే మాకు వ్యాపారమే మిగలదని కంపెనీలు లొల్లి పెట్టాయి. ఆ నేరు దారి అక్కడే ఇరుక్కుంది. ఒక సింగరేణి గనికి సొంత నెట్‌వర్కు ఎందుకు ఉండొద్దు, ఒక రాష్ట్ర విద్యుత్ సంస్థకు ఎందుకు ఉండొద్దు అని రాష్ట్రాలు గట్టిగా అడిగితే కదా! ఉపగ్రహ ఇంటర్నెట్‌కు వేలమే వద్దన్నారు. ఆదాయంలో 4 శాతం తీసుకుంటే చాలని ట్రాయ్ 2025 మేలో సిఫారసు చేసింది. ఆ 4 శాతంలో మన రాష్ట్రానికి నాలుగు పైసలన్నా రాసిపెట్టారా?

కాబట్టి మన ఎంపీలకు ఒక పని చెబుదాం. ఏ పార్టీ అయినా సరే, పదిహేడు మందీ. ఉపన్యాసం వద్దు, ధర్నా వద్దు, రాతపూర్వకంగా ఒక్క ప్రశ్న వేయండి: "ఆంధ్రప్రదేశ్ సర్కిల్ పేరు మీద 1995 నుంచి నేటి వరకు లైసెన్సు ఫీజుగా, స్పెక్ట్రమ్ సొమ్ముగా ఏ ఏటికా ఏడు వసూలైంది ఎంత? అందులో తెలంగాణ జిల్లాల నుంచి వచ్చింది ఎంత?" ఎంపీల దగ్గరికి పోలేని విద్యార్థులు పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జవాబు వచ్చినా, రాకున్నా ఈ పత్రికకు పంపండి. అచ్చేస్తాం.